తోక సంతృప్తికరం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రతి జీవకణానికీ ద్రవ నైట్రోజన్‌లో చల్లగా, చావు లేకుండా పడి ఉండే హక్కు ఉంది. కాకపోతే అది ఆంబోతుదై ఉండాలి.

ఈ సంగతి తెలియక జ్యోతిర్మయి మూడేళ్ళపాటు క్యాన్సర్ మీద పరిశోధన చేసింది. రొమ్ములో పుట్టిన జబ్బు తలలోకి ఎలా చేరుతుందో కనుక్కోవాలంటే, ముందు అక్కడికి చేరడం బాగా వచ్చిన కణాలు కావాలి. అందుకని ఒక రోగి కణాలను ఎలుక రక్తంలోకి ఎక్కించేది. మెదడు దాకా వెళ్ళినవాటినే ఏరి, పెంచి, ఇంకో ఎలుకకి ఎక్కించేది. ఇలా ఐదు విడతలు. చివరికి మిగిలినవి దారి తెలిసిన కణాలు. ఆరు చిన్న సీసాల్లో పోసి, చిలకలూరిపేట దగ్గర కాలేజీ లాబ్‌లో నైట్రోజన్ క్యానులో దాచింది. మళ్ళీ మొదటినుంచీ చేద్దామంటే ఆ రోగి లేదు.

ఆ రోగి దర్శి నుంచి వచ్చిన వెంకటరావమ్మ. మిరపకాయల తొడిమలు తీసే చేత్తో కాగితం మీద వేలిముద్ర వేస్తూ, "నాకెటూ కాదులే అమ్మాయ్, నా వెనకొచ్చేవాళ్ళకన్నా పనికొస్తే తీసుకో" అంది.

2003 ఎండాకాలంలో, హైదరాబాదు నుంచి నైట్రోజన్ తెచ్చే కంపెనీ ఒక్క క్యాను కోసం అంతదూరం బండి రాదని చెప్పేసింది. జిల్లాలో అది దొరికే చోటు ఇక ఒక్కటే: ఆంబోతు వీర్య ఘనీభవన, సంరక్షణ, పంపిణీ మండలి. (పేరు చదవడం పూర్తయ్యేలోగా కొంత నైట్రోజన్ ఆవిరైపోతుంది.)

అక్కడి సీనియర్ అసిస్టెంట్ వెంకయ్య గారు మంచి మనిషి. (మండలి నియమాల్లో దీనికి నిషేధం లేదు.)

"ఇవ్వడానికి నాదేం పోయింది తల్లీ. ఆంబోతు పేరు చెప్పు."

"ఆంబోతు లేదండీ. క్యాన్సర్ కణాలు."

"మావి మాత్రం ఏంటి, కణాలే. వాటికి పేర్లు లేవా?"

జ్యోతిర్మయి నోటికొచ్చిన పేరు చెప్పింది: కోటేష్. (అది వాళ్ళ ప్రిన్సిపాల్ గారి పేరు. దీని మీద తర్వాత వేరే విచారణ జరిగింది.)

ఫారంలో జాతి అన్న గడిలో ఒంగోలు, ముర్రా, జెర్సీ ఉన్నాయి. మనిషి లేదు.

"అసలు మూలం ఏ ఊరమ్మా?"

"దర్శి."

"ప్రకాశం జిల్లాయేగా. ఒంగోలు జాతి."

తర్వాతి గడి, తల్లి రోజువారీ పాల దిగుబడి. జ్యోతిర్మయి పెన్ను ఆగిపోయింది. వెంకటరావమ్మకి రొమ్ము తీసేశారని రాయడానికి అక్కడ చోటు లేదు, ఉన్నా చెయ్యాడేది కాదు. సున్నా చుట్టింది.

"సున్నా అంటే కుదరదు తల్లీ. అట్లాంటి దాని బిడ్డని ఆంబోతుగా ఎవరు నిలబెడతారు?" అంటూ వెంకయ్య గారు దయతో దాన్ని కొట్టేసి పన్నెండు లీటర్లు వేశారు. ఆ రోజే క్యాను నిండింది. లాబ్ అటెండర్ అస్లాం దాన్ని మోటార్ సైకిల్ వెనక తాడుతో కట్టుకుని, పసిబిడ్డను తెచ్చినంత నెమ్మదిగా తెచ్చాడు.

మూడు నెలలకి మండలి అసిస్టెంట్ డైరెక్టర్ యలమందయ్య గారు లాబ్‌కి తనిఖీకి వచ్చి ఆంబోతును చూపించమన్నారు. జ్యోతిర్మయి చాలాసేపు ఆలోచించి ఎలుకను చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, బోను చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి రిజిస్టర్‌లో రాశారు: "పరిమాణం నిర్ణీత ప్రమాణం కన్నా తక్కువ. మూపురం కనిపించలేదు. తోక సంతృప్తికరం."

ఆయనకి నచ్చనిది ఒక్కటే. "మూడు నెలలైనా ఒక్క దూడ లేదేంటమ్మా? వచ్చే నెలకి కూడా లేకపోతే నైట్రోజన్ కోటా ఆపేస్తా." (ఆవు తొమ్మిది నెలలు మోస్తుందన్న విషయాన్ని మండలి ఇంకా ఆమోదించలేదు.)

ఆయన వెళ్ళాక, ఆయన వెంట వచ్చిన వెంకయ్య గారు గొంతు తగ్గించారు. "పోనీ, పుట్టాయని రాద్దామా తల్లీ?"

జ్యోతిర్మయి అప్పటిదాకా లాబ్‌లో ఒక్క తప్పుడు అంకె వెయ్యలేదు. కానీ నైట్రోజన్ ఎంత మిగిలిందో చూద్దామని క్యానులో పుల్ల ముంచి తీస్తే మంచు నాలుగంగుళాల దాకానే పడుతోంది.

"రాయండి" అంది.

వెంకయ్య గారు ముప్పై ఏడు రాశారు. (నలభై అంటే అనుమానిస్తారని ఆయన అనుభవం.)

ముప్పై ఏడు దూడలను చూసి మండలి ఉబ్బితబ్బిబ్బయింది. కోటేష్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే ఉత్తర్వు: ఇంత సంతానం ఉన్న ఆంబోతు అదే జిల్లాలో ఉంటే సొంత కూతుళ్ళతోనే జతకట్టే ప్రమాదం ఉంది కనుక, తక్షణం శ్రీకాకుళానికి బదిలీ. కదిలింది మాత్రం కోటా. శ్రీకాకుళంలో లేని కోటేష్ కోసం నెలనెలా నైట్రోజన్ ఆవిరవడం మొదలైంది. ఉన్న కోటేష్ చిలకలూరిపేటలోనే ఉన్నాడు.

జ్యోతిర్మయి మండలి చుట్టూ పదకొండు సార్లు తిరిగింది. దూడలు అబద్ధమని రాసిచ్చింది. పుట్టినవాటిని రద్దు చెయ్యడానికి నియమం లేదని, కావాలంటే ఒక్కొక్కటే చనిపోవాలని చెప్పారు.

ఒక సోమవారం అస్లాం క్యానులో పుల్ల ముంచి తీశాడు. తుడిచి మళ్ళీ ముంచాడు.

"మేడం, పొడిగా వస్తోంది."

ఆరు సీసాల్లోనూ ఒక్క కణం బతికి లేదు. జ్యోతిర్మయి స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అస్లాం ఎలుకలకి మేత వేసే పని పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ఆంబోతు చనిపోతే ఫారం తొమ్మిది నింపాలి. చర్మం జమ చేశారా, కొమ్ముల పొడవెంత. అన్నిటికీ లేదు, లేవు అని రాసుకుంటూ వచ్చింది. ఆఖరి ప్రశ్న: "తల్లి మళ్ళీ ఈనుటకు సిద్ధముగా ఉన్నదా?"

అక్కడ జ్యోతిర్మయి గడి దాటి, మార్జిన్ దాటి, కాగితం తిప్పి మరీ రాసింది. వెంకటరావమ్మ పోయి రెండేళ్ళయిందని, ఆఖర్లో తలనొప్పికి తట్టుకోలేక గోడకి తల బాదుకునేదని, ఆ జబ్బు తలలోకి ఎలా వెళ్ళిందో కనుక్కుంటానని తను మాటిచ్చిందని, ఆ కణాలు లేకుండా ఇక కనుక్కోలేనని రాసింది.

పదిహేను రోజులకి ఫారం తిరిగొచ్చింది. జ్యోతిర్మయి రాసిందంతా స్కేలు పెట్టి నీటుగా కొట్టేసి ఉంది. కింద ఎర్ర సిరాతో యలమందయ్య గారి చేతిరాత:

"అవును, కాదు అని మాత్రమే రాయవలెను."