ముప్పై వేల కంప్యూటరు

బామ్మర్ది జయరావు పేరు చెబితే మునిరామయ్యకు ఇప్పటికీ అన్నం సహించదు. ముప్పై వేలు చాలని చెప్పింది వాడే. వాడు శ్రీ సిటీలో సెల్‌ఫోన్ చార్జర్లు చేసే ఫ్యాక్టరీలో పని చేస్తాడు, పండగ రోజు కూడా మెడలో ఫ్యాక్టరీ కార్డు వేలాడేసుకుని తిరుగుతాడు. కాబట్టి కరెంటుతో నడిచే ఏ వస్తువు గురించైనా వాడి మాటే చెల్లుతుందని ఇంటిల్లిపాదీ నమ్మారు. అందరికంటే ముందు నమ్మింది మునిరామయ్యే. ఎనిమిదిలో బడి మానేసి తాపీ పట్టుకున్న మేస్త్రీ, పాకాల చుట్టుపక్కల నలభై ఇళ్ళు కట్టినవాడు, లోడు ఇటుక కొనాలన్నా మూడు బట్టీలు తిరిగి బేరం చేసేవాడు, మెడలో కార్డు చూసి మోసపోయాడు.

సంగతి ఒక పెళ్ళి పంక్తిలో మొదలైంది. కూతురు మహిత డిగ్రీ మొదటి ఏడాది కాలేజీ ఫస్టు వచ్చిందని ఎవరో మెచ్చుకుంటే, ఆ ఊపులో ఏం కావాలో అడగమని నలుగురిలో అనేశాడు మునిరామయ్య. కమ్మలు అడుగుతుందనుకున్నాడు. ఆ పిల్ల గేములాడే కంప్యూటరు అడిగింది. పంక్తి మొత్తం నమలడం ఆపి ఆయన వైపు చూసింది. జయరావు అన్నంలో రసం పోయించుకుంటూ తీర్పు చెప్పాడు.

"దానికేముండాది బావా. సెట్టు కొంటే లక్ష. పార్టులు పార్టులుగా కొని బిగించుకుంటే ముప్పై వేలల్లో అయిపోతాది."

ఆ బుధవారం పొద్దున మునిరామయ్య వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఆరున్నర రైలుకు మహితను తీసుకుని తిరుపతి పోవాలి, ఏదో ఒక పార్టు కొనాలి, మధ్యాహ్నం అన్నం వేళకు పాకాలలో దిగాలి. ఎందుకంటే మర్నాటి నుంచి మూఢం. దాదాపు మూడు నెలలు మంచి పని ఏదీ మొదలుపెట్టకూడదు, కొత్త వస్తువు ఇంటికి తేకూడదు. మంచి రోజున ఒక్క పార్టయినా ఇంట్లో అడుగుపెడితే, మిగతావి మూఢం పోయాక నింపాదిగా కొనుక్కోవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు ముందు గడప నిలబెట్టి తర్వాత గోడలు లేపడం లేదా.

డబ్బుకు కూడా ఆ పూటకు లోటు లేదు. నలభై ఇళ్ళు కట్టిన మునిరామయ్య ఉండేది అద్దె ఇంట్లో. ఆ మాట ఎవరన్నా ఎత్తితే నవ్వేసేవాడు గానీ, ఇరవై ఏళ్ళుగా అది గొంతులో ముల్లు. ఎట్టకేలకు స్టేషను వెనక నాగరత్నమ్మ అనే ఆవిడ స్థలం, రెండున్నర సెంట్లు, ఐదు లక్షలకు కుదిరింది. లక్ష అడ్వాన్సు ఇచ్చాడు. మిగతా నాలుగు లక్షలు బ్యాంకులో పెట్టుకుని ఉన్నాడు. మూఢం పోయిన పైవారం గురువారం రిజిస్ట్రేషను. ఆ రోజు డబ్బు పూర్తిగా కట్టకపోతే అడ్వాన్సు వాపసు లేదని ఆవిడ కాగితం మీద రాయించుకుంది. మూడు నెలలు ఊరికే కూర్చునే డబ్బులోంచి ముప్పై వేలు తీస్తే ఏమవుతుంది? రెండు పనులు చేస్తే పూడుతుంది. మూఢంలో ఎవరూ ఇల్లు మొదలుపెట్టరనీ, తనకు కూడా పని ఉండదనీ ఆ పొద్దు ఆ మేస్త్రీకి తట్టలేదు.

తిరుపతిలో కంప్యూటరు కొట్టు మునిప్రసాద్ మెత్తటి మనిషి. మహిత రాసుకొచ్చిన చీటీ చూసి, అమ్మాయి అన్నీ సరిగ్గా రాసిందనీ, మొత్తం అరవై ఐదు వేలవుతుందనీ, సాయంత్రానికి బిగించి ఇస్తాననీ చెప్పాడు. మునిరామయ్య ముప్పై వేలని గట్టిగా అన్నాడు. మునిప్రసాద్ నవ్వలేదు. అది ఆయన వ్యాపార ధర్మం.

"అంతా ఒకేసారి తీసుకోండన్నా. ర్యాము రేటు పైకి పోతా ఉండాది. ఈ పొద్దు నాలుగున్నర వేలు. మళ్ళీ ఎంతుంటాదో నా చేతిలో లేదు" అంటూ వేరుశెనగ చిక్కీ ముక్కంత పచ్చ రేకు ఒకటి చూపించాడు.

"సిమెంటు కొట్టోడు కూడా ఇరవై ఏండ్లుగా నాకు ఇదే పాట పాడతా ఉండాడప్పా" అన్నాడు మునిరామయ్య.

ఆ తర్వాత బేరం. మునిరామయ్యకు బేరమంటే రేటు అడగడం కాదు, కష్టం చెప్పుకోవడం. స్థలం సంగతి ఎత్తాడు. స్టేషను వెనకనీ, తూర్పు వాకిలనీ, పక్క స్థలంలో నూట ఇరవై అడుగులకే నీళ్ళు పడ్డాయనీ, నాగరత్నమ్మకు తొందరుండి ఐదుకే ఇస్తోందనీ, బయట ఏడు పలుకుతోందనీ, గురువారం నాటికి పైసా తగ్గినా లక్ష పోతుందనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. మునిప్రసాద్ టీ తెప్పించాడు, చేతులు కట్టుకుని విన్నాడు, నీళ్ళు తియ్యటివేనా అని కూడా అడిగాడు. ఇంత ఓపికగా వినే కొట్టువాడు ఈ కాలంలో ఉన్నాడా అని మునిరామయ్య లోలోపల మెచ్చుకున్నాడు. ర్యాము జోలికి పోకుండా, నాలుగున్నర వేలు చెప్పిన ఖాళీ పెట్టెను మూడు వందలు తగ్గించి నాలుగు వేల రెండు వందలకు తెచ్చుకున్నాడు. పార్టులన్నీ బిగించే పెట్టె అది, ఒక పక్క గాజు తలుపు. మహిత మాత్రం, ఇంతకంటే పెద్దది తీసుకుందామని రెండుసార్లు అని ఊరుకుంది.

ఖాళీ పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, హాల్లో తూర్పు గోడకు నిలబెట్టారు. మూఢం మూడు నెలలూ అది అట్లాగే నిలబడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మునిరామయ్య దాని గొప్ప చెప్పేవాడు. నాగరత్నమ్మ ఒకనాడు గడువు గుర్తు చేయడానికి వచ్చి, గాజులోంచి లోపలికి తొంగిచూసి, "చేపలెప్పుడు తెస్తావు మేస్త్రీ?" అని అడిగింది. కంప్యూటరని చెబితే ఆవిడ ముఖం చిన్నబోయింది. చేపలైతే కనీసం పెరుగుతాయి కదా అంది.

పెరగడానికి చేపలే కానక్కర్లేదని నెల తిరక్కుండానే తెలిసింది. ర్యాము తొమ్మిది వేలయిందని మహిత చెప్పింది. మనుషులకు జవాబులు రాసిపెట్టే పెద్ద పెద్ద యంత్రాలొచ్చాయట, వాటి కోసం కంపెనీలు ప్రపంచంలోని ర్యామంతా ఎత్తుకుపోతున్నాయట. ఇప్పుడే కొనేద్దామని ఆ పిల్ల బతిమాలింది. మూఢంలో ఇనుప ముక్క గడప దాటకూడదని తండ్రి అన్నాడు. చక్రం అడ్డువేసింది జయరావు.

"వస్తువు తేకూడదు గానీ, దుడ్డు కట్టకూడదని యాడా లేదు బావా. అడ్వాన్సు పంపిచ్చెయ్. సరుకు మనదైపోతాది."

మునిరామయ్య ఫోనులోనే ఐదు వేలు పంపి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నాడు. ఈలోగా పని లేదు. శంకుస్థాపన లేదు, గృహప్రవేశం లేదు. తాపీ, మట్టగోలు మూలన పడ్డాయి. అద్దె, బియ్యం, మహిత బస్సు పాసు, అన్నీ ఆ నాలుగు లక్షల్లోంచే పోయాయి. మూఢం పోయేనాటికి అరవై వేలు తిని కూర్చున్నారు.

భార్య శకుంతలమ్మ అప్పుడే ఒక మంచి మాట చెప్పింది. "ఆ పెట్టెలో రాగులు పోసుకుంటాం గానీ, ఇంతటితో ఇడిసిపెట్టు. ముందు స్థలం సూడు" అంది. మునిరామయ్య వినలేదు. గడప నిలబెట్టాక ఇల్లు ఆపితే అరిష్టమన్నాడు. అసలు కారణం వేరే. మూడు నెలలుగా ఆ పెట్టెను ఊరంతా చూసింది.

మూఢం పోయిన మర్నాడే జయరావును వెంటబెట్టుకుని కొట్టుకు పోయాడు. ర్యాము పదహారున్నర వేలయింది. అడ్వాన్సు మాట ఎత్తితే మునిప్రసాద్ అదే మెత్తదనంతో, "అది సరుకు పక్కన పెట్టేదానికన్నా. రేటు పక్కన పెట్టేదానికి కాదు" అన్నాడు. వెనక్కి తగ్గితే జయరావు ముందు పరువు పోతుంది, తగ్గకపోతే డబ్బు పోతుంది. పరువు నిలిచింది, చీటీలోవన్నీ కొన్నాడు. బొమ్మలు ఆడించే కార్డు ఒక్కటి మాత్రం, కొత్తది కొనలేక, ఎవరో వాడి అమ్మిన పాతది ఇరవై నాలుగు వేలకు తీసుకున్నారు. జానెడు మీద నాలుగు వేళ్ళ పొడవుంది. పాత కాలం సరుకు గట్టిదని జయరావు దాన్ని తట్టి చూశాడు.

ఇంటికొచ్చి అన్నీ బిగించారు. కార్డు పట్టలేదు. పెట్టె గోడ రెండు వేళ్ళు అడ్డం వస్తోంది. పెట్టె మార్చుకుందాం, పెద్దది ఆరు వేల ఎనిమిది వందలు, పార్టులన్నీ ఊడదీసి అందులో పెడదామని మహిత అంది. నలభై ఇళ్ళు కట్టిన మనిషికి ఆ మాట రుచించలేదు.

"రెండు వేళ్ళ జాగా కోసం ఇల్లు మారతామా? గోడ కొట్టి కిటికీ పెడతాం" అని, టైల్సు కోసే మిషను తెచ్చాడు.

లోపలి సామాను తీసేసి కోయమని మహిత అడ్డుపడింది. అవి బిగించడానికి తనకు రెండు గంటలు పట్టిందనీ, మళ్ళీ ఎవడు విప్పుతాడనీ జయరావు విసుక్కుని, పైన తడి తువ్వాలు కప్పి పెట్టెను గట్టిగా పట్టుకున్నాడు. మిషను రేకును తాకిందో లేదో గాజు తలుపు కల్లుప్పులా హాలంతా చిందింది. ఇనుప పొడి తువ్వాలు కిందికి కూడా పోయింది. అయినా కిటికీ మాత్రం చక్కగా, మట్టానికి వచ్చింది. కార్డు పెట్టి స్విచ్చి వేస్తే చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది. బోర్డూ ర్యామూ రెండూ పోయాయి.

మహిత ఏడవలేదు. పాత చీటీ తీసి వెనక వైపు మూడు వస్తువుల పేర్లు రాసి తండ్రి చేతికిచ్చింది. మూడోది పెద్ద పెట్టె. మునిరామయ్య బామ్మర్ది వైపు తిరిగాడు.

"ఫ్యాక్టరీలో నువ్వు చేసే పనేందిరా?"

"ప్యాకింగు బావా" అన్నాడు జయరావు. "పెట్టెలో సరుకు పట్టకపోతే మేమైతే పెద్ద పెట్టె తీసుకుంటాం."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, మేస్త్రీవి నువ్వు కదా అన్నాడు.

మళ్ళీ కొన్నారు. శనివారానికి కంప్యూటరు వెలిగింది. మహిత ఏదో గేములో చెట్లు నరికి, రాళ్ళు తెచ్చి, గంటలో రెండంతస్తుల ఇల్లు కట్టింది. పునాది లేకుండా కట్టిందని మునిరామయ్య తప్పుపట్టాడు. ఆ పిల్ల నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూసి ఆయన కూడా నవ్వబోయి, గురువారం గుర్తొచ్చి మానేశాడు. లక్షా ఎనభై ఒక్క వేల రెండు వందలు తక్కువ.

ఆదివారం నుంచి అప్పు కోసం తిరిగాడు. మామూలు రోజుల్లో అయితే పుట్టేదే. మూఢం పోయింది కాబట్టి ఊళ్ళో ప్రతి ఇంట్లో పెళ్ళో, ఓణీలో, ఇంటి ముగ్గో ఉంది. అప్పిచ్చేవాళ్ళే అప్పు కోసం ఎదురొస్తున్నారు. ఒకాయన, నీ దగ్గర నాలుగు లక్షలున్నాయంట కదా, రెండు సర్దమని మునిరామయ్యనే అడిగాడు.

గురువారం పొద్దున్నే పది రోజుల గడువు అడగడానికి నాగరత్నమ్మ ఇంటికి పోయాడు. వసారాలో కుర్చీలో మునిప్రసాద్ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మునిరామయ్యను చూడగానే లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మర్యాదలో లోపం లేదు. మునిరామయ్య డబ్బు తేలేదని తెలుసుకున్నాక నాగరత్నమ్మ కాగితం తీసి గడువు చూపించి, ఈయన పొద్దున్నే ఐదున్నర లక్షలు ఒకేసారి తెచ్చాడని చెప్పింది.

"మూఢానికి ముందే రెండు పెట్టెలు ర్యాము తెచ్చి పెట్టుకున్నానన్నా, దేవుడు కన్ను తెరిసినాడు" అన్నాడు మునిప్రసాద్. "ఆ పొద్దు మీరు స్థలం గురించి చెప్పింది మనసులో పడిపోయింది. మీరు కడతారేమోనని ఇన్ని దినాలు ఆగినా. గడువు దినం వచ్చినాకనే అడగాలని ఈ పొద్దు ఈడికి వచ్చినా."

తర్వాత ఆయన అసలు సంగతికొచ్చాడు. ఇల్లు కట్టాలి, తెలిసిన మేస్త్రీ కావాలి. చదరపు అడుగుకు రేటెంతని అడిగి, చెప్పగానే కష్టాలు మొదలుపెట్టాడు. కొట్టు బాడుగ పెరిగిందనీ, పెద్దమ్మాయి నర్సింగు ఫీజులున్నాయనీ, అమ్మకు మోకాళ్ళ ఆపరేషనుందనీ, చేతిలో ఉన్నదంతా ఈ స్థలానికే పోయిందనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. మూడు నెలలు పని లేక కూర్చున్న మునిరామయ్య చేతులు కట్టుకుని విన్నాడు. చివరకు ఇరవై రూపాయలు తగ్గించాడు.

మొత్తం మీద మునిరామయ్యకు పోయింది స్టేషను వెనక రెండున్నర సెంట్లు, అడ్వాన్సు లక్ష, కంప్యూటరుకు లక్షా ఇరవై ఒక్క వేల రెండు వందలు.