రసీదుల డబ్బాలో నల్లది

"మీ ముగ్గుర్ల ఒకరు దొంగ," అన్నాడు భిక్షపతి. "ఎవరో చెప్పేదాక ఈ ఇంట్ల ఎవ్వరు అన్నం ముట్టేది లేదు."

చంపాపేట్‌లోని ఆ మేడ మీది రెండు గదుల వాటాలో అప్పుడు పదకొండు గంటలైంది. అతని తల్లి రాములమ్మ, భార్య యాదలక్ష్మి, కూతురు జ్యోతిక గోడకు ఆనుకుని వరుసగా నిలబడ్డారు. అన్నం ఇంకా వండనే లేదు కాబట్టి ఆ బెదిరింపు ఎవరి మీదా పనిచేయలేదు.

పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. దిల్‌సుఖ్‌నగర్‌లోని కాలేజీకి వెళ్లి జ్యోతిక డిగ్రీ చివరి సంవత్సరం హాల్‌టికెట్ తీసుకోవాలి, వచ్చేటప్పుడు టమాటాలు కొనాలి. అంతే. కానీ పది గంటలకు కాలేజీ క్లర్కు రాఘవేంద్ర ఫోన్ చేశాడు.

"భిక్షపతిగారూ, మీ అమ్మాయి పరీక్ష ఫీజు కట్టినట్టు మా కంప్యూటర్లో కనిపించట్లేదండి. నేనిచ్చిన రసీదు ఉంటుంది కదా, వెనకాల నా సంతకం, నంబరు కూడా వేశాను. నాలుగింటిలోపు అది తెచ్చి చూపించండి. లిస్టు వెళ్లిపోయాక నేనేం చేయలేను. మళ్లీ కడతామన్నా గడువు అయిపోయింది. ఏడాది పోతుందండి."

భిక్షపతి నవ్వాడు. రసీదు అడిగి తనను భయపెట్టే మనిషి ఇంకా పుట్టలేదన్న నవ్వు అది.

దానికి కారణం ఉంది. నల్గొండ దగ్గర ఊళ్లో అతని తండ్రి ఒక ఎద్దును కొని, డబ్బు కట్టిన చీటీ పోగొట్టుకుని, అదే ఎద్దును మళ్లీ కొన్నాడు. అందుకే భిక్షపతి గ్యాసు నుంచి చెప్పుల దాకా ప్రతి రసీదునూ ఒక ఇనుప డబ్బాలో దాచి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. రెండు నెలల కింద జ్యోతిక కాగితాల ఫైలు మొత్తాన్ని కాలేజీ ఎదుట గోపయ్య జిరాక్స్ దుకాణంలో ఇచ్చి, "లామినేషన్ చెయ్యి. ఒక్క కాగితం గూడ ఇడ్వకు," అని చెప్పి టీ తాగడానికి పోయాడు. తిరిగొచ్చి ఫైలు తీసుకుని, విప్పకుండానే డబ్బాలో పెట్టి తాళం వేశాడు.

ఇవాళ విప్పాడు. టెన్త్ మెమో ఉంది. ఇంటర్ మెమో ఉంది. కులం సర్టిఫికెట్ ఉంది. ఫీజు రసీదు లేదు. అన్నిటికన్నా అడుగున మాత్రం జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పుతో బొగ్గులాంటి నల్లటి ముక్క ఒకటుంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"చేతబడి," అంది రాములమ్మ.

"ప్లాస్టిక్ ఏసి ఉన్నది గదత్తమ్మా," అంది యాదలక్ష్మి.

"ఇప్పుడు గట్లనే చేస్తున్నరు. ఒర్షానికి తడ్వకుండ."

జ్యోతిక చేయి చాపింది. "ఒక్కసారి తిప్పి చూద్దాం నానమ్మా."

"ముట్టకు. అది తిరిగితే నీ చదువు తిరగబడ్తది."

రాములమ్మ వంటింట్లోంచి పట్కారు తెచ్చి, ఆ నల్లదాన్ని ఎత్తి స్టీలు పళ్లెంలో పెట్టింది. పక్కన ఒక నిమ్మకాయ, రెండు ఎండుమిరపకాయలు ఉంచింది. ఆ తర్వాత దాని వైపు నేరుగా చూడటానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

"తాళంచెవి నా మొలతాడుకే ఉంది," అన్నాడు భిక్షపతి. "డబ్బ ఇల్లు దాటలే. అంటే ఇంటి దొంగనే."

"ఎందుకు దాటలే?" అంది యాదలక్ష్మి. "మొన్న పైపు పగిలి ఇల్లంత నీళ్లయినప్పుడు నువ్వే తీస్కపోయి రెండు దినాలు కింద భారతమ్మక్క తాన పెట్టినవ్."

నలుగురూ ఒకేసారి కిందికి, నేల వైపు చూశారు.

కింద ఉండేది ఇంటి ఓనరు భారతమ్మ. ఒకప్పుడు ఆ వీధంతా ఆమె అత్తగారి జొన్నచేనే. దసరా నెల కిరాయి రాలేదని ఆమె అడిగినప్పుడు, భిక్షపతి ఆమె సంతకంతో ఉన్న రసీదు తీసి నలుగురిలో చదివి వినిపించాడు. అప్పటినుంచి నీళ్ల మోటారు రోజూ పది నిమిషాలు ముందే ఆగిపోతోందని యాదలక్ష్మికి గట్టి అనుమానం.

రాములమ్మ మెట్ల మీద నిలబడి కేక వేసింది. భారతమ్మ పైకి వచ్చింది, పళ్లెం చూసింది, రెండు మెట్లు వెనక్కి దిగింది.

"నా ఇంట్ల గిసొంటి పనులు చేస్తున్నరా మీరు?"

"మేం చేసుడేంది? డబ్బ నీ తాననే ఉండె గద," అంది రాములమ్మ.

"ఉంటె? తాళమెవనిది? లోపట దీన్ని పెట్టి నా మంచం కింద పెట్టిపోయిన్రు. ఇప్పుడు సమజైంది. గందుకే గా దినం సంది నా మోకాలు వంగుత లేదు."

"నీ మోకాలు మేం కిరాయికి ఒచ్చినప్పటి సందే వంగుత లేదక్కా," అంది యాదలక్ష్మి.

"ఇల్లు ఖాళీ చేయుండ్రి," అంది భారతమ్మ. "దానికంటె ముందు దీన్ని ఖాళీ చేయుండ్రి. చౌరస్తాల పడేసి వెనక్కి చూడకుండ రావాలె. నేను గూడ ఒస్త. మీ మీద నాకు నమ్మకం లేదు."

ఎట్లాగూ కాలేజీకి పోయి క్లర్కు కాళ్లు పట్టుకోవాలి. ముందు ఈ పీడ వదిలితే ఆ పనన్నా అవుతుందని రాములమ్మ తేల్చింది. తగువు తెగేసరికి రెండు దాటింది. అయిదుగురూ ఒకే ఆటోలో ఇరుక్కున్నారు. భిక్షపతి ఒళ్లోని పళ్లెం చూసి ఆటోవాలా కిరాయి రెట్టింపు అడిగాడు. రసీదు ఇవ్వనన్నాడు కూడా.

ఎల్‌బీ నగర్‌లో దిగాక కొత్త చిక్కు వచ్చింది.

"నాలుగు తొవ్వలు కలిసిన కాడ పడేయాలె కొడుకా," అంది రాములమ్మ తలెత్తి ఫ్లైఓవర్లను చూస్తూ. "ఈడ కొన్ని తొవ్వలు పైనున్నయి, కొన్ని కిందున్నయి. ఏ అంతస్తుల పడేస్తవ్?"

భిక్షపతి మధ్య అంతస్తును ఎంచుకున్నాడు. పట్కారుతో దాన్ని ఎత్తాడో లేదో, వెనక నుంచి ఈల వినిపించింది. ఖాకీ చొక్కా వేసుకున్న మున్సిపాలిటీ ఆయన చేతిలోని చిన్న మిషన్ నొక్కుతూ వచ్చాడు.

"రోడ్డు మీద చెత్తేస్తే అయిదు వందలు. తియ్యి."

"ఇంకా ఎయ్యలేద్సార్."

"ఎయ్యబోయినవ్ గద."

మిషన్‌లోంచి తెల్లటి చీటీ వచ్చింది. అంత పరేషాన్‌లోనూ భిక్షపతి దాన్ని రెండుసార్లు చదివి, తారీకు సరిచూసుకున్నాడు.

మూడు కావస్తోంది. ఏం చేయాలో తోచక పక్కనే ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. విజయవాడ బస్సులు లేపే గాలికి చీటీ ఎగిరిపోకుండా భిక్షపతి దాని మీద పొగలు కక్కే టీ గ్లాసు పెట్టాడు. కాసేపటికి గ్లాసు ఎత్తాడు.

చీటీ మీద గుండ్రంగా నల్లటి మచ్చ.

"చూసిన్రా?" అంది రాములమ్మ గుసగుసగా. "దీనికి గూడ అంటుకున్నది."

భారతమ్మ తన కుర్చీని దూరంగా జరుపుకుంది. జ్యోతిక మాత్రం గ్లాసు తీసుకుని చీటీ మరో మూల మీద పెట్టి, కొంచెం ఆగి ఎత్తింది. అక్కడా నల్లబడింది. ఆమె పళ్లెంలోని నల్లదాన్ని ఉత్త చేత్తో పట్టుకుని తిప్పేసింది. పెద్దవాళ్లు నలుగురూ కళ్లు మూసుకున్నారు.

"కండ్లు తెర్వుండ్రి," అంది జ్యోతిక. "ఇదే ఫీజు రసీదు."

వెనక వైపు తెల్లగానే ఉంది. నీలి సిరాతో నంబరు, దాని కింద రాఘవేంద్ర సంతకం.

దిల్‌సుఖ్‌నగర్ అక్కడి నుంచి మెట్రోలో మూడో స్టేషన్. స్కానర్‌లో పట్కారు చూసి సెక్యూరిటీ ఆయన అడిగిన ప్రశ్నలతో కొంత సమయం పోయింది. రైల్లో కూడా భిక్షపతి ఊరుకోలేదు.

"ఎవడో కావాలనే కాల్చిండు. వాడెవడో నాకు దొరకాలె," అంటూ భారతమ్మ వైపు, ఆ తర్వాత యాదలక్ష్మి వైపు ఓరగా చూశాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా రాఘవేంద్ర కిటికీ ముందు నిలబడ్డారు. అతను ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"సంతకం నాదేనండి. నంబరు కూడా సరిపోయింది."

కీబోర్డు టకటకలాడింది. ప్రింటరులోంచి హాల్‌టికెట్ బయటికి వచ్చింది. జ్యోతిక దాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఒక్క పని మిగిలిందండి," అన్నాడు రాఘవేంద్ర కాగితం, పెన్ను తీసి. "ముందువైపు చదవడానికి లేదు కాబట్టి కారణం రాసి, బాధ్యుల పేరు వేసి సంతకం తీసుకోవాలి. ఈ కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుంది, లామినేషన్ మిషన్ వేడి చాలు. ఈ వారంలో మీది అయిదోది. లామినేషన్‌కి ఇచ్చిందెవరు?"

"పసుపు, కుంకుమ నేనే పెట్టిన," అంది రాములమ్మ తల దించుకుని. "నువ్వు ఫైలు బయటికి తీస్కపోయే దినం, తానం చేసేటప్పుడు. అప్పుడది తెల్లగనే ఉండె. పిల్ల పాస్ కావాలని. గాని లామినేషన్ సంగతి నాకు తెల్వదు కొడుకా."

భిక్షపతి కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డవతల దుకాణంలోంచి గోపయ్య అతన్ని గుర్తుపట్టి ఆప్యాయంగా చేయి ఊపాడు. ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడింది భిక్షపతి ఒక్కడే. ఎదురుగా ఆడవాళ్లు నలుగురున్నారు.

"పేరు చెప్పండి, టైమవుతోంది," అన్నాడు రాఘవేంద్ర.

"నేను చెప్త సారు," అంది భారతమ్మ ముందుకు వచ్చి. మోకాలు ఇప్పుడు బాగానే వంగుతున్నట్టుంది. "మా ఇంట్ల కిరాయికుండే మనిషే. ఇల్లు ఖాళీ చేసే పని లేదు గని, పేరు మాత్రం నలుగుర్ల సదివి ఇనిపియ్యాలె. రాసుకో. భిక్షపతి."

భిక్షపతి ఆ కాగితం మీద సంతకం పెట్టాడు, దానికి రసీదు మాత్రం అడగలేదు.