పదకొండో భాగంలో పోలేరమ్మ

మనుషులు ఇంతవరకు చేసిన తప్పులన్నిటినీ దిద్దడం ఎవరివల్లా కాకపోవచ్చు. కానీ ‘ఏజెంటు శతఘ్ని’ సీరియల్లో జరిగిన తప్పులను మాత్రం మార్చి నెలాఖరులోగా ఒక్కటి మిగలకుండా తుడిచేస్తామని తిరుపతిలోని ధారావాహిక దోష నివారణ కేంద్రం ప్రతిజ్ఞ చేసింది. (ఆ కేంద్రం ముందున్న రోడ్డు మీది గుంతలు దాని పరిధిలోకి రావు.)

ముప్పై ఏడేళ్ల కిందట ఆదివారం పొద్దున, వీధికి ఒకటిగా ఉన్న టీవీల ముందు జనాన్ని కిక్కిరిసి కూర్చోబెట్టిన గూఢచారి సీరియల్ అది. ఇప్పుడు ఒక యాప్ వాళ్లు దాన్ని కొనుక్కుని, శుద్ధి చేసి మళ్లీ చూపిస్తామన్నారు. శుద్ధి పని ఈ కేంద్రానికి అప్పగించారు. కేంద్రానికి ముఖ్య దోష నిర్ధారణాధికారి మోహన్‌కృష్ణ గారు. చిత్తూరులో ముప్పై రెండేళ్లపాటు పరీక్ష పేపర్లు దిద్ది పదవీ విరమణ చేసినవారు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా చదివి, మార్కులు వేసి తిరిగి ఇస్తారని ప్రతీతి.

ఆయన బృందం మొత్తం మూడు వందల ఆరు తప్పులు పట్టింది. ఒక్కొక్కదాని మీద విచారణ జరిపింది. శతఘ్ని మేడ మీద నుంచి దూకేటప్పుడు మీసం ఉంది, నేల మీద పడేసరికి లేదు. ఇది తప్పు కాదు, మారువేషం అని తేలింది (హీరో గారు నిర్మాతకు బావమరిది). శత్రుదేశపు సేనాధిపతి గది గోడకు చిత్తూరు నూనె మిల్లు క్యాలెండరు వేలాడుతోంది. శత్రువు మన మీద పెట్టిన నిఘాకు అదే నిదర్శనం. సేనాధిపతి జీపుకు మన రాష్ట్రం నంబరు ఉంది. యుద్ధంలో పట్టుకుపోయిన బండి. ఇలా విచారించగా విచారించగా, పేరున్నవాళ్లు చేసినవన్నీ కళ కింద జమై, చివరికి నిఖార్సైన తప్పు ఒక్కటే మిగిలింది. దాని నంబరు రెండు వందల పన్నెండు.

పదకొండో భాగంలో శతఘ్ని శత్రుదేశపు సరిహద్దు దాటాలి. శత్రుదేశం దాకా పోయే స్తోమత లేక, సత్యవేడు అవతల తమిళనాడు చెక్‌పోస్టు దగ్గర షూటింగు పెట్టుకున్నారు. ముళ్లకంచె కింద పాకుతూ, రొప్పుతూ, నడుమ భారతమాతను రెండుసార్లు తలుచుకుంటూ దాటడానికి శతఘ్నికి భాగంలో సగం పట్టింది. అతని వెనకాల ఒక ఆడమనిషి సద్ది క్యారియరు చేతబట్టుకుని, చెక్‌పోస్టు కర్ర కింద తల వంచి శత్రుదేశంలోకి వెళ్లిపోయింది. శతఘ్ని అటు చూసి ఇటు తిరిగేలోగా, నెత్తిన గడ్డిమోపుతో వెనక్కి వచ్చేసింది. (పొద్దున తీసిన ముక్కకు సాయంత్రం తీసిన ముక్క అతికారు.) మొత్తం ఆరు సెకన్లు. ఇరవై ఆరు భాగాల సీరియల్లో ఒక రోజు పని పూర్తిచేసిన మనిషి ఆమె ఒక్కతే.

కేంద్రం ఈ తప్పును చిన్న వీడియో చేసి జనం మీదికి వదిలింది. ఆమె చుట్టూ ఎర్రటి సున్నా, మొహం మీద పగలబడి నవ్వే పసుపుపచ్చ బొమ్మ. నాలుగు లక్షల మంది చూసి నవ్వారు. సత్యవేడులో చిన్నబ్బ అనే ముసలాయన మాత్రం నవ్వలేదు. ఫోను పట్టుకుని మేనకోడలు కృపామణి ఇంటికి పోయాడు.

“మణీ, ఈ నడక సూడు మే. మాయక్క ఇది. మీయమ్మ.”

“మొగం యాడ మామా?”

“మొగం మీద ఈ పాడు బొమ్మ అంటిచ్చినారు గదా.”

తల్లి పోలేరమ్మ జ్వరమొచ్చి చనిపోయేనాటికి కృపామణికి రెండేళ్లు. ఫోటో తీయించుకునే తీరిక పోలేరమ్మకు ఏనాడూ దొరకలేదు. కృపామణి ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో చెప్పులు కుడుతుంది. నలభైకి దగ్గరపడినా, తల్లి మొహం ఎలా ఉంటుందో తెలియదు. ఆ నవ్వే బొమ్మ కింద ఉన్న మొహం కేంద్రంవారి బీరువాలోని ఒకే ఒక్క టేపులో ఉంది. మార్చి నెలాఖరుకు అదీ ఉండదు.

ఆమె సెలవు పెట్టి తిరుపతి బస్సెక్కి, ‘తప్పు కాదని మనవి’ అనే ఏడో నమూనా దరఖాస్తు నింపి ఇచ్చింది. కేంద్రం పద్ధతి ప్రకారమే నడుచుకుంది. తప్పు చేసిన మనిషి సంజాయిషీ వినకుండా తుడిచేయడం అన్యాయం కనుక, పోలేరమ్మ స్వయంగా హాజరు కావాలని నోటీసు పంపింది. ఆమె చనిపోయిందని కృపామణి జవాబు రాస్తే, గైర్హాజరుకు చూపిన కారణం సంతృప్తికరంగా ఉందని ఒప్పుకుని, బదులుగా కూతురిని రానిచ్చింది.

విచారణ రోజు ఫోన్లు గుమ్మం దగ్గరే ప్లాస్టిక్ బుట్టలో వేయించుకున్నారు. గదిలో గోడంత తెర మీద, బొమ్మ అడ్డం లేకుండా ఆ ఆరు సెకన్లు వేశారు. రెండు వైపులా ముక్కుపుడకలు. ఎండకు చిట్లించిన కళ్లు. ఎవరినో తిడుతున్న నోరు. తెర నల్లబడింది.

“ఇంగొక తూరి ఏయండి సార్,” అంది కృపామణి.

“రెండోతూరి చూసేదానికి వేరే దరఖాస్తు ఉండాదమ్మా,” అన్నారు మోహన్‌కృష్ణ గారు. “సరే, చెప్పు. మీయమ్మ శత్రుదేశానికి ఎందుకు పోయినట్టు?”

“కలుపు తీసేదానికి సార్. చేను ఆ పక్క ఉండాది.”

“పోయేటప్పుడు క్యారియరు, వచ్చేటప్పుడు గడ్డిమోపు. యాడ మారింది?”

“చేన్లో సార్.”

“ఆ చేను తెర మీద యాడుండాది? చూపించు.”

చేను తెర మీద లేదు. ఆయన ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు.

నియమావళి ప్రకారం తెర మీది మనిషిని కథలో భాగంగా గుర్తించాలంటే ఆ మనిషి మాట్లాడి ఉండాలి, లేదా హీరో చేతిలో చచ్చి ఉండాలి.

“హీరో ఏమన్నా కాల్చినాడా?”

“లేదు సార్. జొరమొచ్చి పోయింది.”

“అది కథలో లేదు.”

తోడుగా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న చిన్నబ్బ లేచాడు. “మాట్లాడింది సార్! నేనాడనే ఉండాను ఆ పొద్దు. డైరెక్టరు ‘తప్పుకో, తప్పుకో’ అంటే, ‘నువ్వే తప్పుకో నాయనా, నాకు పొద్దు పోతాండాది, ఆడ చేన్లో మేస్త్రి తిడతాడు’ అనింది మాయక్క. నోరు కదల్తాండ్లా, సూసినారు గదా!”

గదిలో కలకలం రేగింది. నోరు కదిలిన మాట నిజమే. దరఖాస్తు అవసరం లేకుండానే ముక్కను మళ్లీ వేశారు (ఆ నిబంధన అధికారులకు వర్తించదు). శబ్దం చూసుకునే భానుచందర్ సౌండు పెంచాడు. పోలేరమ్మ నోరు తెరిచింది. భౌ భౌమని కుక్క అరిచింది. డబ్బింగులో ఆమె గొంతు తీసేసి శత్రుదేశపు కాపలా కుక్కను పెట్టారు.

సదరు సంభాషణ కుక్కదేనని కమిటీ నిర్ధారించింది. కుక్కను ఇచ్చిన ఆసామి పేరు టైటిల్స్‌లో ఉన్నందువల్ల అరుపును ఉంచి, మనిషిని తీసేయాలని తీర్మానించింది.

“అట్లయితే ఆ కుక్కను పిలిపిచ్చి సాక్ష్యం అడగండి సామీ,” అన్నాడు చిన్నబ్బ. ఆయనను బయటికి పంపారు.

కృపామణి కదల్లేదు. “తుడిచేసుకోండి సార్. మీ సీరియలు మీ ఇష్టం. తుడిచే ముందర ఆ మొగం ఒక్కటి ఫోటో తీసియ్యండి, సాలు.”

ఇది న్యాయమైన కోరికేనని మోహన్‌కృష్ణ గారు మెచ్చుకున్నారు. తెల్లకాగితం మీద రాసివ్వమన్నారు. ఆమె రాసిచ్చింది. ఆయన అందులో రెండు అక్షరదోషాలు దిద్ది, ముద్ర వేసి, వరుసలో కింద పెట్టారు. పైన నూట నలభై కాగితాలున్నాయి. మార్చి నెలాఖరు రావడానికి తొమ్మిది రోజులున్నాయి.

జవాబు ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చింది. దరఖాస్తుదారు కోరిన ప్రకారం పదకొండో భాగాన్ని నలుగురు అధికారులు మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు క్షుణ్ణంగా పరిశీలించారని, అందులో ఏ స్త్రీ కనిపించలేదని, ఇకమీదట లేని మనుషుల కోసం దరఖాస్తులు పెట్టి కేంద్రం సమయాన్ని వృథా చేయరాదని అందులో ఉంది.