కూజాకు చలేస్తోంది

ప్రతి గృహస్థుడూ తన ఇంట ఒక కూజాడు యీస్టును పెంచి తీరాలి. వివాహం, సంతానం, పెంపుడు కుక్క మొదలైనవన్నీ ఆ తరువాతి విషయాలు!

పాఠకులలో కొందరు కనుబొమలు ఎగరేస్తున్నారని నాకు తెలుసు. పాఠశాలల తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేసిన హొరేస్ పైబస్, తోటపనికి కూడా టై కట్టుకుని వెళ్లే హొరేస్ పైబస్, ఈ వయసులో సారాబట్టీల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడేమిటి అని మీరు అడగవచ్చు. అడగండి. తనిఖీ చేసిన తరువాతే మాట్లాడుతున్నాను.

మా అమ్మాయి బ్రొన్విన్, అల్లుడు లాక్లన్ తమ ఇంటి కప్పు బాగుపడేంత వరకు మా ఇంట్లో ఉంటున్నారు. అమ్మాయి ఒక పెట్టెతో వచ్చింది. అల్లుడు ఒక పీపాతో, నాలుగు గొట్టాలతో, ఒక గాజు కూజాతో, ఫ్రిజ్‌లో నా చీజ్‌ను తొలగించి ఆ స్థానంలో ప్రతిష్ఠించిన రెండు యీస్టు పొట్లాలతో వచ్చాడు. వసంతకాలంలో మా డెర్వెంట్ లోయ ప్రదర్శనలో ఇంటి బీరుకు పోటీ జరుగుతుంది. కిందటేడు అతనికి మూడవ బహుమతి లభించింది. పోటీకి వచ్చిన బీర్లు మూడే అన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ప్రస్తావించరు.

పొట్లంలో ఉండేది బీరును పులియబెట్టే ద్రవరూపంలోని యీస్టు. దానికి ప్రాణం ఉంటుంది గానీ బలగం ఉండదు. తిన్నగా పీపాలో పోస్తే అంత పనీ చూసి గుడ్లు తేలేస్తుందట. కనుక ముందు మాల్టు పొడిని, అంటే మొలకెత్తించిన బార్లీ పొడిని, నీళ్లలో మరిగించి, చల్లార్చి, ఆ కషాయంలో యీస్టును పోసి, కూజా మూతికి వెండిలా మెరిసే అల్యూమినియం రేకు వదులుగా కప్పి, అది తన సంతతిని వృద్ధి చేసుకునేంత వరకు ఇంటిల్లిపాదీ కాపలా కాయాలి. పాలలో వేయబోయే తోడును ముందుగా మేపి బలిపించడం లాంటిది. దీనినే స్టార్టర్ అంటారు.

దీనివల్ల మా ఇంట వెల్లివిరిసిన నాగరికతను గమనించండి!

లాక్లన్ రాకముందు నేను శుభ్రమైన మనిషినని భ్రమపడి బతికాను. మొదటి రోజే ఆ భ్రమ తొలగింది.

"హొరేస్, మేట్, చేతులు!"

"కడుక్కున్నాను."

"కడుక్కుంటే సరిపోదు, స్ప్రే కొట్టుకో. తుమ్ము వచ్చేలా ఉంటే ముందే చెప్పు, పెరట్లోకి పంపించేస్తా."

మా శాఖలో నన్ను పేరుపెట్టి పిలిచిన ఉపాధ్యాయుడు లేడు. మా అల్లుడు నన్ను మేట్, అంటే నేస్తం, అంటాడు. యీస్టును మాత్రం 'నా బంగారుకొండలు' అంటాడు. మర్యాద ఎవరికి దక్కాలో వారికి దక్కుతున్నందుకు సంతోషించవద్దా?

అంతేకాదు, యీస్టుకు గాలి తగలాలి. అందుకని కూజా పక్కగా నడిచి వెళ్లే ప్రతి మనిషీ దాని మెడ పట్టుకుని ఒకసారి గిరగిరా తిప్పి వెళ్లాలన్నది ఇప్పుడు మా ఇంటి నియమం. కొళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి తిప్పాడు. రాత్రి భోజనానికి వచ్చిన పాస్టర్ టాంబ్లిన్ గారు భోజన ప్రార్థనను మధ్యలో ఆపి, తిప్పి, మళ్లీ అందుకున్నారు. పలకరింపులు లేని ఈ రోజుల్లో ఒకే వస్తువును ఇంతమంది ఇంత శ్రద్ధగా పలకరించి వెళ్లడం మీరు మరెక్కడైనా చూశారా?

ఇక అన్నింటినీ మించిన మేలు, హీటరు.

మా ఆవిడ మెర్ల్ దృష్టిలో సాయంత్రం కాకముందే హీటరు వేయడం నైతిక పతనానికి తొలిమెట్టు. మా దక్షిణార్ధగోళంలో చలి ముదిరే జూలై నెలలో మా ముందుగదిలో కూర్చుని పత్రిక చదివితే నా ఊపిరి మొదటి పేజీని కప్పేస్తుంది. మా దాంపత్యంలో ప్రతి చలికాలమూ ఈ సంభాషణతోనే మొదలవుతూ వచ్చింది:

"స్వెటరు వేసుకో, హొరేస్."

"వేసుకున్నాను."

"అయితే ఇంకోటి వేసుకో."

అటువంటి ఇంట్లో లాక్లన్, టోస్టు నములుతూ, "కూజా ఉన్న గది వెచ్చగా ఉండాలి మెర్ల్, లేకపోతే పిల్లలు ముడుచుకుపోతారు" అన్నాడు. మెర్ల్ లేచి, తెల్లవారిన గంటకే, సూర్యుడి సాక్షిగా, హీటరు వేసింది! నేను నా కుర్చీని కూజా పక్కకు జరుపుకున్నాను. నా రెండో స్వెటరును ఆమె కూజాకు చుట్టింది. అభ్యంతరం చెప్పడానికి నేనేమైనా అనాగరికుడినా?

అవి మా ఇంటి స్వర్ణయుగపు దినాలు. కూజాలో నురుగు పొంగింది, అణిగింది. పైన తేట, అడుగున తెల్లటి మడ్డి మిగిలాయి. ఆ మడ్డి పూర్తిగా పేరుకోవాలని లాక్లన్ కూజాను ఫ్రిజ్‌లో పెట్టాడు. ఫ్రిజ్ తలుపు ఇంకా మూసుకోలేదు, మెర్ల్ హీటరు కట్టేసింది.

"పిల్లలు పడుకున్నారుగా, ఇంకెందుకు?" అంది.

"నేను మేలుకునే ఉన్నాను కదా!"

"స్వెటరు వేసుకో."

"అది కూజాకు చుట్టావు."

"అయ్యో, అవును. ఉతకాలి దాన్ని."

మరునాడు మెర్ల్ ఫ్రిజ్ శుభ్రం చేసింది. కూజా అడుగున మడ్డి ఆమె కంటబడింది. మెర్ల్ కంటబడిన మడ్డి బతికి బట్టకట్టిన దాఖలా మా వంశంలో లేదు. పైనున్న తేటను చుక్క ఒలకకుండా మరో సీసాలోకి వంపి, అడుగుది సింకులో పారబోసి, కూజాను తళతళలాడేలా తోమి, అల్లుడికి సగర్వంగా చూపించింది.

"ఎంత తేటగా ఉందో చూడు లాక్లన్! నీకెంత పని తప్పించానో!"

"మెర్ల్... అడుగున ఉన్నదేది?"

"ఆ బురదా? అసహ్యంగా ఉంటే పారబోశాను."

లాక్లన్ వంటింటి నేల మీద కూలబడ్డాడు. "ఆ బురదే యీస్టు, మెర్ల్. పారబోయాల్సింది తేట."

మెర్ల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింకు కన్నంలోకి వంగి చూసింది. "అందరూ... వెళ్లిపోయారా?" అంది నెమ్మదిగా.

ఆ శోకసమయంలో నిబ్బరం కోల్పోని వ్యక్తి నేనొక్కడినే. "రెండో పొట్లం ఉంది కదా!" అన్నాను. అన్న వేగానికి బ్రొన్విన్ నావైపు ఓరగా చూసి, "నాన్నా, నువ్వు నవ్వుతున్నావా?" అంది. నవ్వలేదు. చలికి పళ్లు కనబడ్డాయంతే.

పొరపాట్లు కూడా వరాలే అనడానికి ఇంతకంటే నిదర్శనం కావాలా? మెర్ల్ పశ్చాత్తాపం కొద్దీ ఈసారి హీటరును ఇంకొంచెం పెంచింది. నేను కోటు విప్పి కూర్చున్నాను.

కానీ ఏ స్వర్ణయుగం శాశ్వతం? రెండవ స్టార్టర్ కూడా ఎదిగింది. ఈసారి దాన్ని చల్లబరిచినన్ని రోజులూ లాక్లన్ ఫ్రిజ్ తలుపుకు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చున్నాడు. ఆనక స్వహస్తాలతో తేటను పారబోసి మడ్డిని పీపాలో వేశాడు. పీపాను షెడ్డులో పెట్టారు. దానికి విద్యుత్ దుప్పటి కప్పారు. మళ్లీ చదవండి: పీపాకు, విద్యుత్ దుప్పటి! ముందుగదిలో హీటరు ఆరిపోయింది. నా చేతిలోని పత్రిక మళ్లీ మసకబారింది.

మెర్ల్‌కు జాలిగుండె లేదని ఇన్నేళ్లూ నేను పొరబడ్డాను. ఉంది, పుష్కలంగా ఉంది. అయితే దాన్ని పొందాలంటే మనిషి గాజులో ఉండాలి, నెత్తిన వెండిరేకు కప్పుకోవాలి.

నిన్న ఉదయం నేను, అచ్చం ఆ మాల్టు కషాయం రంగులోనే ఉండే, పాలు కలపని టీ కాచి, చల్లార్చి, ఖాళీగా ఉన్న కూజాలో పోసి, మూతికి రేకు వదులుగా కప్పి, నా కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టాను. ఇందులో అసత్యం ఏమీ లేదు. అదేమిటని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మెర్ల్ అటుగా వచ్చింది. ఆగింది. చేతులకు స్ప్రే కొట్టుకుంది. కూజాను మెడ పట్టి గిరగిరా తిప్పింది. జ్వరం చూసినట్టు ముంజేతి వెనుక భాగాన్ని గాజుకు ఆనించింది. చటుక్కున వెళ్లి హీటరు వేసింది. తిరిగి వచ్చి, తన శాలువా తీసి కూజాకు చుట్టి, దాని మీదకు వంగి, పెళ్లయిన నాటి నుంచీ నేను ఈ చెవులతో వినని గొంతుతో అడిగింది:

"చలేస్తోందా, బంగారం?"

కూజా తరఫున నేనే, పత్రిక దించకుండా, జవాబిచ్చాను.

"వేస్తోంది."