నదిని కడిగిన వంతెన

సోమవారం ఉదయం వంతెనల ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీసుకోవాలి. పదిలోపు వాటిని నీటి నాణ్యత కార్యాలయంలో ఇవ్వాలి. శుక్రవారానికి అనుమతి కాగితం చేతికొస్తే వచ్చే వారం మేస్త్రీలు పనిలోకి దిగుతారు. వానలకు ఇంకా నాలుగు వారాలే ఉన్నాయి. వంతెన నడిమి స్తంభంలో చెయ్యి దూరేంత పగులు. మరమ్మతు కంటే ముందు వానలొస్తే వంతెన ఏడాది పాటు మూసెయ్యాల్సిందే.

మూసేస్తే ఏమవుతుందో ఆయనకు ఇంట్లోనే తెలిసింది. భార్య అవతలి ఒడ్డున ఆసుపత్రిలో నర్సు.

"చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, నా వల్ల కాదు," అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. "అక్కడే గది తీసుకుంటా. పిల్ల నాతో వస్తుంది. మీరు ఇక్కడ మీ అమ్మగారి వంట తింటూ ఉండండి."

"నా వంటకేమయిందే?" అంది అత్తగారు వంటింట్లోంచి.

"ఏమీ కాలేదు అత్తయ్యా. ఉప్పు కూడా పడలేదు."

ఆ నదిలో వేలెడంత చేప ఒకటి ఉంది. అది ఇంకెక్కడా బతకదట. అందుకని నదికి ప్రత్యేక రక్షణ చట్టం ఉంది. దేవుడు నదిని ఊరికే ఇచ్చాడు. దాని మీద సిమెంటు పూయడానికి పద్నాలుగు పేజీల ఫారం మాత్రం మనుషులే తయారు చేసుకున్నారు. చేప మేలు కోసమే అంటే కాదనడం ఎలా? ఫారంతో పాటు వంతెనకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీళ్ళు ఇవ్వాలి. పగిలిన స్తంభంలోంచి సున్నం, మట్టి రాలుతున్నాయి కాబట్టి దిగువ నీళ్ళు కాస్త మురికిగా ఉంటాయి. వంతెన నదిని పాడుచేస్తోందని తేలితే మరమ్మతుకు అనుమతి దానంతటదే వస్తుంది.

"ఫ్రిజ్ తుడిచానురా, అద్దంలా ఉంది," అంది తల్లి ఆయన సీసాలు తీస్తుంటే. ఆయన తొందరలో ఊఁ అన్నాడు.

శుక్రవారం ఆయన కార్యాలయానికి వెళ్ళేసరికి నాణ్యత అధికారి కుర్చీలోంచి లేచి మరీ చేయి కలిపాడు.

"నా సర్వీసులో ఇలాంటిది చూడలేదండీ. ఎగువన మురికి, దిగువన తేట. మీ వంతెన నీళ్ళను శుభ్రం చేస్తోంది."

"వంతెన శుభ్రం చెయ్యడమేమిటండీ?"

"అదే మాకూ ఆశ్చర్యం. ఆ పగుల్లోనే ఏదో ఉంది. దాన్ని పూడ్చడానికి అనుమతి ఎలా ఇస్తాం, మీరే చెప్పండి."

ఇంజనీరు ఇంటికి వచ్చి తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఫ్రిజ్ తుడిచినప్పుడు ఆ సీసాలు ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా ఎలా తుడుస్తార్రా? చీటీలు చెమ్మకు ఊడి కిందపడ్డాయి. జిగురు రాసి మళ్ళీ అంటించాను."

"ఏది దేనికి?"

"ఆ మాత్రం తెలియదా? నీళ్ళు పైనుంచి మట్టితో వస్తాయి, పోనుపోను తేరుకుంటాయి. మురికి సీసాకు ఎగువ, తేటదానికి దిగువ."

ఆయన తల పట్టుకున్నాడు. మర్నాడే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అధికారి శ్రద్ధగా విన్నాడు.

"మీ అమ్మగారికి నీటి విషయంలో అనుభవం ఉందా?"

"యాభై ఏళ్ళుగా కాచి వడపోస్తోంది."

"మరి అంత అనుభవం ఉన్నావిడ తప్పు అంటించారని మీరెలా అంటారు?"

ఇంజనీరు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. చివరికి అధికారే జాలిపడి, అందరి ఎదుటా మళ్ళీ నీళ్ళు తీద్దామన్నాడు.

బుధవారం అధికారితో కలిపి తొమ్మిది మంది సభ్యుల సంఘం వచ్చింది. ఎగువ ఒడ్డున నీడ ఉంది, కాబట్టి తొమ్మిది మందీ అటే వెళ్ళారు. నదిలో నిలబడి ఫోటో దిగితే బాగుంటుందని ఒకాయన అన్నాడు. ప్యాంట్లు మడిచి అందరూ దిగారు. ఒకరి బూటు బురదలో కూరుకుపోతే మిగతా ఎనిమిది మంది దానికోసం వెతికారు. అప్పుడే నీళ్ళు తియ్యమని సిబ్బందికి ఈల వేశారు. రెండు వైపులా సీసాలు ఒకేసారి ముంచారు. ఎగువ సీసా చిక్కటి టీలా ఉంది. ఆ బురద వంతెన దాకా ఇంకా రాలేదు కాబట్టి దిగువ సీసా ఎప్పటిలా ఉంది.

"చూశారా?" అన్నాడు అధికారి, ఒక కాలికి బూటు లేకుండానే.

శుక్రవారానికి ఉత్తర్వు వచ్చింది. వంతెనను నీటి శుద్ధి సాధనంగా ప్రకటించారు. దాన్ని కదిలించకూడదు కనుక నడిచి వెళ్ళేవాళ్ళను కూడా ఆపేశారు. రెండు చివర్లా 'శుద్ధి జరుగుతున్నది, నిశ్శబ్దం' అని బోర్డులు పెట్టారు. శనివారం ఇంజనీరు భార్య అటక మీది పెట్టె దింపింది.

"వారం వారం వస్తుంటాంలెండి," అంది చీరలు సర్దుతూ. పిల్ల తన బొమ్మను తీసుకెళ్ళాలా, నాన్నకు తోడుగా ఉంచాలా అని ఆలోచిస్తోంది.

తల్లి ప్రార్థన ముగించి వచ్చి పెట్టె వంక చూసింది.

"ఒరేయ్, మన వంటింట్లో నీళ్ళ ఫిల్టరు పగిలినప్పుడు ఎవరి అనుమతి అడిగావురా?"

"ఎవరినీ అడగలేదు. అదే పూట బాగుచేయించాను."

"మరి?"

ఇంజనీరు నిబంధనల పుస్తకం తెరిచాడు. పదకొండో పేజీలో ఉంది. శుద్ధి సాధనంలో పగులు కనిపిస్తే ఇరవై నాలుగు గంటల్లో మరమ్మతు మొదలుపెట్టాలి. అనుమతి అక్కర్లేదు. ఆలస్యమైతే బాధ్యత నాణ్యత అధికారిది.

"కానీ అది శుద్ధి సాధనం కాదమ్మా. అబద్ధం కదా?"

"నువ్వు నిజం చెప్పావు, విన్నారా? ఇప్పుడు వాళ్ళ మాటే వాళ్ళకు చెప్పు. పైవాడు చూసుకుంటాడు."

ఆయన ఆ సాయంత్రమే రెండు వాక్యాల ఫిర్యాదు రాసిచ్చాడు. ఆదివారం పొద్దున్నే అధికారి స్కూటరు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పగులుందని ముందే చెప్పరేమండీ? మేస్త్రీలు ఎక్కడ?"

మేస్త్రీలు మధ్యాహ్నానికల్లా దిగారు. కింద గుడ్డ కట్టి, రాలిన ప్రతి సిమెంటు పెళ్ళనూ ఏరుకుంటూ, పన్నెండు రోజుల్లో స్తంభాన్ని కొత్తదానిలా చేశారు. చేప తన మానాన తాను ఉంది. పదమూడో రోజు బస్సు వంతెన దాటింది. మర్నాడు మొదటి వాన పడింది. భార్య పెట్టె మళ్ళీ అటక ఎక్కించి, ఆ రోజు అత్తగారి కూరలో ఏమీ అనకుండా తనే ఉప్పు వేసుకుంది.

నెల తర్వాత నిబంధన ప్రకారం మళ్ళీ రెండు సీసాలు పంపారు. ఈసారి ఇంజనీరు చీటీలు అంటించకుండా సీసాల మీదే రంగుతో రాశాడు. ఎగువ నీళ్ళు, దిగువ నీళ్ళు ఒక్కలాగే ఉన్నాయని తేలింది. ఆయన తృప్తిగా కాఫీ తాగుతుండగా నోటీసు వచ్చింది. మరమ్మతు తర్వాత శుద్ధి సాధనం పనిచేయడం లేదు కనుక, పదిహేను రోజుల్లో దాన్ని పూర్వస్థితికి తేవాలని అందులో ఉంది.

తల్లి నోటీసంతా చదివించుకుని విని, లేచి వెళ్ళి, జిగురు సీసా, రెండు చీటీలు తెచ్చి బల్ల మీద పెట్టింది.