ఊదుకుని తాగిన బీరు

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ పెద్దముల్లు అంటారు, ఆయన భార్యని చిన్నముల్లు అంటారు. పెద్దముల్లు రోజంతా గిర్రున తిరుగుతూనే ఉంటుంది గానీ, గంటెంతో తేల్చేది చిన్నముల్లే కదా. ఆ ఇంట్లో వ్యవహారమూ అంతే.

అలాంటి పెద్దముల్లుకి ఉన్నట్టుండి చరిత్ర మీద భక్తి పుట్టింది. శుక్రవారం సాయంత్రం కాగానే షాపు షట్టరు దించడం, మ్యూజియానికి పరుగెత్తడం. అక్కడ ఎవరో ఒకరు ఊరి పాత సంగతులు చెబుతారు. వినడానికి వచ్చినవాళ్లకి టికెట్టుతో పాటే ఓ గ్లాసు క్రాఫ్ట్ బీరు ఇస్తారు. ఈ రెండో సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. డాక్టరు వద్దన్నప్పటి నుంచి ఆ గుమ్మంలోకి బీరు అన్న మాటే రాకూడదని చిన్నముల్లు శాసనం. తెలిసిందంటే శుక్రవారాలకి నీళ్లొదులుకోవలసిందే.

"మీ దగ్గర ఏదో వాసనొస్తోందండీ," అంది ఆవిడ ఓ రోజు.

"మ్యూజియమన్నాక పాతవాసన ఉండదా ఏంటి?"

"పాతవాసన కాదు, పులిసిన వాసన."

"చరిత్ర మరీ పాతబడితే పులుస్తుందే."

"అలాగా! అయితే వచ్చే వారం నేనూ వస్తాను. ఎంత పులిసిందో చూద్దాం."

పెద్దముల్లు గబగబా అడ్డుపడ్డాడు. "నీకెందుకే ఆ గోల? అన్నీ యుద్ధాలూ, తలలు తెగడాలూ."

"మీతో కాపురం చేసినదాన్ని, యుద్ధాలకి భయపడతానా?"

మాటల్లో ఓడిపోతున్నప్పుడల్లా ఆయన తీసే ఆయుధం ఒకటుంది. తీశాడు. "అసలు నా మానాన నేనుంటే మీవాళ్లే వెతుక్కుంటూ వచ్చి సంబంధం ఇచ్చుకున్నారు. పోనీలే పాపమని ఒప్పుకున్నాను చూడు, నాదీ బుద్ధి తక్కువ!"

ఈ మాటతో ఎప్పుడూ ఆవిడ నోరు మూతపడుతుంది. అప్పుడూ పడింది. శుక్రవారం సాయంత్రం మాత్రం ఆయనకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

ఆ మధ్యాహ్నమే పెద్దముల్లు వెళ్లి బీరు పోసే బట్టతలాయన్ని బతిమాలుకుని వచ్చాడు. "నా ఒక్కడికీ టీకప్పులో పోయండి. ఓ సంసారం నిలబెట్టినవాళ్లవుతారు."

అనుకున్నట్టే వెనక వరసలోకి సాసరుతో సహా కప్పు వచ్చింది. ఆయన చల్లటి బీరుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ చప్పరించాడు.

"టీకి అంత నురగేమిటండీ?"

"బాగా తిరగబోశారు."

"ఆవిరి రావట్లేదే?"

"ఊదేశానుగా!"

ఇంతలో వేదిక మీద తెర తొలగింది. రాజుల కత్తులుంటాయనుకుంటే, ఊరి పాత టెలిఫోన్ ఎక్స్చేంజి బోర్డు ఉంది. దాన్నిండా చిల్లులూ, తీగలూ, నంబరుకో బుల్లి దీపం. ఎవరు ఫోనెత్తితే వాళ్ల దీపం వెలిగేది, ఆపరేటరు నంబరడిగి తీగ కలిపేది. "దీని మీద పనిచేసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది మ్యూజియం మేడమ్. చిన్నముల్లు లేచింది. పెళ్లికి ముందు ఆవిడ అక్కడే ఆపరేటరు.

హెడ్‌ఫోన్ తగిలించుకోగానే ఆవిడ వేళ్లు వాటంతటవే తీగలందుకున్నాయి. "నంబర్ ప్లీజ్," అంది. అదే గొంతు! సాయంత్రం నల్ల ఫోను చెవికి ఆనించుకుని ఆ రెండు మాటలు వినడానికి, పొద్దంతా ఎదురుచూసిన రోజులు పెద్దముల్లుకి గుర్తొచ్చాయి. ఎంత బావుండేవి ఆ సాయంత్రాలు! పెళ్లి మాటలప్పుడు ఆవిడ నోరు విప్పగానే పోల్చుకున్నాడు గానీ, బింకం కొద్దీ బయటపడలేదు. ఇన్నేళ్లయినా ఆ ఫోన్లు చేసింది తనేనని భార్యకి చెప్పలేదు.

"రోజూ సాయంత్రం ఒకాయన ఫోన్ చేసేవాడండీ," అని మొదలుపెట్టింది చిన్నముల్లు. "ఏ నంబరూ అడగడు. టైమెంతండీ అంటాడు. చూస్తే వెలిగే దీపం వాచీల షాపుది!"

హాలు గొల్లుమంది. పెద్దముల్లు కప్పు వెనక మొహం దాచుకోబోయాడు. కప్పు చిన్నది, మొహం పెద్దది.

"ఓ రోజు ఆయన వెనకున్న గడియారాలన్నీ కలిసి ఠంగుఠంగున ఆరు కొడుతున్నాయి. ఆ మోతలోనే, టైమెంతండీ అని అరిచాడు. ఆరండీ అని నేనూ అరిచాను. ఓహో, ఆరైపోయిందా, థాంక్సండీ అన్నాడు."

"తరవాతేమైందండీ?" అన్నారెవరో నవ్వాపుకుంటూ.

"అన్ని గడియారాలుండీ టైము తెలియని మనిషి, ఒంటరిగా ఏం బతుకుతాడు అనిపించింది. పైగా ఆయన ఫోను రాని రోజు నాకూ ఏమీ తోచేది కాదు. మా మేనత్త కాళ్లు పట్టుకుని నేనే ఆ షాపుకి సంబంధం పంపించాను. అదిగో, వెనక వరసలో బీరు ఊదుకుంటున్నారు చూడండి, ఆయనే!"

హాలంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది.

ఇంటిదారిలో పెద్దముల్లు తలెత్తకుండానే అడిగాడు. "నేనేనని తెలిసి కూడా, మీవాళ్లే వచ్చారని దెప్పుతుంటే ఇన్నేళ్లూ ఎలా ఊరుకున్నావే?"

"అబద్ధం కాదుగా, మేమే వచ్చాం. ఎందుకొచ్చారని మీరెప్పుడైనా అడిగారా?"

పెద్దముల్లు కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందని తుడుచుకున్నాడు.

"డాక్టరు వద్దన్నది మీకు, నాకు కాదు," అంది చిన్నముల్లు. "వచ్చే శుక్రవారం నుంచి మీరు చరిత్ర వినండి, నేను బీరు తాగుతాను." అని, ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.