నలభై గంటల పరిశీలన

మానవజాతికి మొదట రోగం వచ్చింది. తర్వాత రోగి పక్కన కూర్చుని చూసుకునే మనిషి వచ్చింది. అలాంటి మనిషి ఎవరికి పడితే వాళ్లకి దొరికిపోతే లోకం ఏమైపోతుందోనని బెంగపెట్టుకుని, కాస్త ఆలస్యంగానైనా, ప్రవేశాల మండలి వచ్చింది. నాగరికత అంటే ఈ మూడూ ఇదే వరుసలో రావడమేనని ప్రాక్టికల్ నర్సింగ్ కళాశాల వారి సమాచార పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంది. (మొదటి పేజీ చదివినట్టు రెండో పేజీలో సంతకం పెట్టాలి. రెండో పేజీ చదివినట్టు ఎక్కడ పెట్టాలో మండలి పరిశీలనలో ఉంది.)

ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన ఏకైక వ్యక్తి ఆయమ్మ. అచ్చువేసినవాళ్లు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. ఆమె పెద్దాసుపత్రిలో మగవాళ్ల ఎముకల వార్డు ఆయా. పదకొండేళ్లుగా పక్కలు మార్చింది, ఒళ్లు తుడిచింది. విరిగిన కాలు కదలకుండా రోగి కింద నుంచి దుప్పటి ఎలా లాగాలో కొత్తగా వచ్చిన డాక్టర్లకు చూపించింది.

కిందటేడు ఒకరోజు తొమ్మిదో మంచం మనిషికి ఒళ్లు తుడుస్తుంటే, ఒక పిక్క వాచి వేడిగా ఉన్నట్టు ఆమె చేతికి తెలిసింది. వెంటనే కేసు షీటు రాస్తున్న సిస్టరుకు చెప్పింది.

"ఎవరు చూశారు?" అంది సిస్టరు.

"నేనే సిస్టరమ్మా."

"ఆయాలు చూసింది రాయడానికి ఇందులో గడి లేదు. రౌండ్సుకి వచ్చినప్పుడు డాక్టరుగారు చూస్తార్లే."

డాక్టరుగారు మర్నాడు వచ్చారు. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు ఎక్కి, ఆ మనిషి అంతకు రెండు గంటల ముందే పోయాడు. ఆయమ్మకు వారం రోజులు ముద్ద దిగలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం కూతురితో, "నేను నర్సు చదువుతానే. నేను చూసింది నేనే రాయాలి," అంది. ఆమెకు కావలసిందల్లా కేసు షీటులో ఆ ఒక్క గడి. అప్పటికి ఆమె వయసు ముప్పై తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలు. చేరడానికి గరిష్ఠ వయసు నలభై.

ఆ ఒక్క గడి కోసం ముందు రెండువందల పదహారు గడులు నింపాలి. దరఖాస్తు ఫోన్లో చేయాలి. చేశాక అచ్చు తీసి, అందులో ఉన్నదంతా చేత్తో మళ్లీ రాసి, దాన్ని ఫోటో తీసి ఫోన్లోనే పంపాలి. (కాగితం వాడకం తగ్గించడానికి.) పద్దెనిమిది నిండి రెండు వారాలైన కూతురు ఈ పనికి కూర్చుంది. పదకొండో గడి దగ్గర ఆగింది. అక్కడ సంరక్షకుల పేరు అడిగారు. దరఖాస్తు చేసేవాళ్లంతా పదిహేడేళ్ల ఆడపిల్లలేనని మండలికి గట్టి నమ్మకం.

తల్లీకూతుళ్లిద్దరూ కళాశాలకు వెళ్లి అడ్మిషన్ల గుమస్తా ముందు నిలబడ్డారు.

"మా అమ్మా నాన్నా పోయారండి," అంది ఆయమ్మ.

"పోయినవాళ్ల సంతకం చెల్లదమ్మా," అన్నాడు గుమస్తా సానుభూతితో.

"పోనీ మా ఆయన పెట్టొచ్చా?"

"భర్త సంరక్షకుడు కాడు. భర్తంటే అభ్యంతరం చెప్పే మనిషి. ఆయనకి వేరే ఫారం ఉంది. రక్తసంబంధం ఉండాలి, పద్దెనిమిదేళ్లు దాటి ఉండాలి. ఈ అమ్మాయెవరు?"

అలా కూతురు తల్లికి సంరక్షకురాలైంది. 'నా సంరక్షణలో ఉన్న పై బాలిక సత్ప్రవర్తన కలదనియు, తోటి బాలికలను ఏడిపించదనియు, తరగతిలో సెల్‌ఫోను వాడదనియు హామీ ఇచ్చుచున్నాను' అన్నచోట కలం పట్టుకుని తల్లి వైపు చూసింది.

"హామీ అయితే ఇస్తున్నాను గానీ, నా పరువు తీయకే అమ్మా."

"చాల్లే, ముందు సంతకం గీకు."

"చూశారా అంకుల్, ఇప్పుడే మాట వినట్లేదు."

గుమస్తా నవ్వలేదు. బాలిక ప్రవర్తన గడిలో 'సాధారణం' అని రాసుకున్నాడు. ఇక అభ్యంతరం లేదనే ఫారం చెప్పుల దుకాణంలో పనిచేసే భర్త దగ్గరకు వెళ్లింది. అభ్యంతరం ఉందని రాస్తే ఏమవుతుందని ఆయన అడిగాడు. ఈ పూట నుంచి వంట నువ్వే చేసుకుంటావని ఆయమ్మ చెప్పింది. ఆ కుటుంబంలో ఏ చిక్కూ లేకుండా పూర్తయిన పత్రం అదొక్కటే.

తర్వాతది క్షయ పరీక్ష. చేతికి చిన్న సూది వేసి, నలభై ఎనిమిది గంటలు దాటాక, డెబ్బై రెండు గంటలలోపు అక్కడి పొంగును కొలవాలి. ఇది వైద్యశాస్త్రం. సూది వేసే కౌంటరు గురువారం తెరుస్తారు, కొలిచే కౌంటరు సోమవారం తెరుస్తారు. ఇది పరిపాలన.

"గురువారం నుంచి సోమవారానికి తొంభై ఆరు గంటలు కదండీ," అంది ఆయమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి.

"అవును. అందుకే గడువు దాటిందని రాసి, మళ్లీ గురువారం రమ్మంటాం," అన్నాడు కౌంటరు ఉద్యోగి.

"మరి ఎవరైనా ఎప్పటికైనా..."

"మా రెండు కౌంటర్లూ ఒక్కరోజు కూడా మూయలేదమ్మా. బయట వరస చూడలేదా?"

వరస నిజంగానే పొడుగ్గా ఉంది. అందులో కొందరు ఒకరికొకరు బాగా తెలిసినవాళ్లలా పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయమ్మ మాత్రం గోడమీది నోటీసులన్నీ చదివింది. సోమవారం సెలవైతే, దానికి బదులు ముందురోజు ఆదివారం కొలుస్తారని ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. అలాంటి సోమవారం ఆ మూడు నెలల్లో ఒకటే వచ్చింది. ఆమె గురువారం పదకొండింటికి సూది వేయించుకుని, ఆదివారం తొమ్మిదింటికల్లా చేయి చాపి నిలబడింది. ఉద్యోగి ఆ చేతిని చాలాసేపు చూశాడు. గడువులో వచ్చిన చేతిని చూడటం ఆయన సర్వీసులో అదే మొదటిసారి. (కొలిచే స్కేలు ఎక్కడుందో వెతకడానికి ఇంకో అరగంట పట్టింది.)

ఇక మిగిలింది నిబంధన ఇరవై మూడు. దరఖాస్తుదారు ఆసుపత్రిలో రోగుల సేవను నలభై గంటలపాటు పరిశీలించి ఉండాలి. ఇది చదివినప్పుడు ఆయమ్మ నవ్వుకుంది. పదకొండేళ్ల సర్వీసు కాగితం గుమస్తా ముందు పెట్టింది.

గుమస్తా దాన్ని చూపుడువేలితో వెనక్కి నెట్టాడు. "ఇది పనమ్మా. పరిశీలన కాదు. చేతిలో గుడ్డ పట్టుకున్న మనిషికి పరిశీలన సాధ్యం కాదని ఉపసంఘం ఎప్పుడో తేల్చింది. చేతులు ఖాళీగా ఉండాలి."

"ఖాళీగా ఉండి ఏం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. అదే పరిశీలన."

దాంతో ఆయమ్మ తన వార్డుకు ఐదు రోజులు సెలవు పెట్టి, తన వార్డుకే వెళ్లింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. మెడలో పసుపు కార్డు వేశారు. దానిమీద 'పరిశీలకురాలు, తాకరాదు' అని ఉంది. (ఎవరు ఎవరిని అనేది రోగుల విజ్ఞతకు వదిలేశారు.) రోగిని తాకితే అప్పటిదాకా గడిచిన గంటలన్నీ రద్దవుతాయి. పక్క కుర్చీలో మరో దరఖాస్తుదారు, పదిహేడేళ్ల అమ్మాయి. ఇద్దరికీ చెరో పుస్తకం ఇచ్చారు. కళ్లముందు జరిగిందంతా టైముతో సహా రాయాలి.

ఆయమ్మ బదులు వచ్చిన తాత్కాలిక ఆయాకు గుడ్డలెక్కడుంటాయో తెలియదు, బెడ్‌పాన్లు ఎక్కడుంటాయో తెలియదు. ఆయమ్మ గడ్డంతో చూపించింది. ఆ ఆయా మూడో మంచానికి దుప్పటి మారుస్తూ కట్టు ఉన్న కాలివైపు నుంచి లాగుతుంటే ఆయమ్మ చేతులు వాటంతటవే లేచాయి. రెంటినీ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ నాలుగు రోజులూ ఆమె పడ్డ అవస్థ ఆ వార్డులో విరిగిన ఎముకలవాళ్లు కూడా పడలేదు.

"ఏమ్మా, మా మీద అలిగావా?" అని ఆరో మంచం నుంచి తాళాల తాత అడిగాడు. తాళాలు బాగుచేసే ముసలాయన. తుంటి ఎముకకు ఆపరేషనై పదమూడు రోజులైంది.

"లేదు తాతా, చదువుకుంటున్నా."

"కుర్చీలో ఊరికే కూర్చోవడం చదువా?"

"మొదటి పాఠం అదేనట."

"అయితే నేను ఈపాటికి పెద్ద డాక్టర్నయిపోయి ఉండాలే," అన్నాడు తాత.

ఐదో రోజు సాయంత్రం మూడు గంటల ఇరవై నిమిషాలు. ముప్పై తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు పూర్తయ్యాయి. తాత్కాలిక ఆయా ఉతికిన దుప్పట్ల కోసం కిందికి వెళ్లింది. హెడ్ సిస్టరు ఫోన్లో స్టోరు వాళ్లతో దూది గురించి వాదిస్తోంది. తాళాల తాత రెండుసార్లు తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. మెల్లగా ఒక కాలు కిందికి దించి, పట్టుకుని నడిచే స్టాండు దగ్గరకు లాక్కున్నాడు.

"తాతా, ఆగు! సిస్టరమ్మ వస్తుంది, ఆగు!" అని ఆయమ్మ కుర్చీలోంచే అరిచింది.

"బాత్రూముకేనమ్మా. నువ్వు లేవకు, నీ పరీక్ష చెడిపోతుంది," అన్నాడు తాత. అని రెండో కాలు తడినేల మీద పెట్టాడు. స్టాండు ఒకవైపు, తాత ఇంకోవైపు జారారు.

లేవాలని ఆయమ్మ అనుకోనేలేదు. అనుకునే టైము లేదు. చంకల కింద చేతులు వేసి, తన మోకాలు ఆనించి, ఆపరేషనైన తుంటి నేలకు తగలకుండా ఆయన్ని మంచం మీదికి చేర్చింది. మొత్తం నాలుగు సెకన్లు. ఆ తర్వాత తన చేతులు చూసుకుని నేలమీద కూలబడింది.

పక్క కుర్చీ అమ్మాయి పుస్తకంలో అంతా ఉంది. 'సా. 3.20: రోగి లేచుచున్నాడు. 3.21: జారుచున్నాడు. 3.21: తోటి పరిశీలకురాలు పట్టుకొన్నది.' ఆ అమ్మాయి ఏడుస్తూ పుస్తకం చూపించింది. "రాయకపోతే నా గంటలు కూడా పోతాయి ఆంటీ."

"ఏడవకు తల్లీ. చూసింది రాయాల్సిందే," అంది ఆయమ్మ. (నిశిత పరిశీలనకుగాను ఆ అమ్మాయికి తర్వాత మొదటి ర్యాంకు వచ్చింది.)

నలభై గంటల పత్రం మీద సంతకం పెట్టడానికి హెడ్ సిస్టరుకు చేయి రాలేదు, పెట్టకుండా ఉండటానికి మనసొప్పలేదు. చివరికి అప్పీలు చేసుకోమని చెప్పింది. నలభై ఏళ్లు నిండటానికి తొమ్మిది రోజులుందనగా అప్పీళ్ల ఉపసంఘం ఆయమ్మను పిలిచింది. బల్లకు అటువైపు ముగ్గురు, ఇటువైపు ఆయమ్మా, ఆమె సంరక్షకురాలూ.

"రోగి పడ్డాడా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదండి. నేను పట్టుకున్నాను."

"పడనప్పుడు, పట్టుకోవలసిన అవసరం వచ్చిందనడానికి ఆధారమేమిటి?"

"పట్టుకున్నాను కాబట్టే పడలేదండి."

"అది మీ అభిప్రాయం. ఎక్స్‌రే ఉందా?"

"పడలేదు కదండీ, ఎక్స్‌రే ఎందుకుంటుంది?"

అధ్యక్షుడు 'ఎక్స్‌రే లేదు' అని రాసుకున్నాడు. కూతురు ఇక ఆగలేక లేచింది. "ఇదేం న్యాయమండీ? కళ్లముందు ముసలాయన పడిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"సంరక్షకులు కూర్చోవాలి," అన్నాడు అధ్యక్షుడు బాధగా. "మీరే ఇలా ఉంటే పిల్లకి క్రమశిక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? కాస్త చూసి పెంచవలసింది."

"నేను పెంచలేదండీ. ఆవిడే నన్ను పెంచింది," అంది కూతురు.

ఉపసంఘం కఠినాత్ముల సంఘమేమీ కాదు. అరగంట చర్చించి దయచూపింది. ఒక్క హామీ పత్రం నింపితే రద్దయిన గంటలు తిరిగి ఇచ్చేస్తారు. మిగిలిన నలభై నిమిషాలూ అదే వార్డులో కూర్చుంటే చాలు, సీటు వచ్చినట్టే. పత్రంలో ప్రశ్న ఒకటే. 'మీ ఎదుట రోగి పడుచున్నచో: పట్టుకొందును / పట్టుకొనను. (వర్తించనిది కొట్టివేయుము.)'

ఆయమ్మ ఆ కాగితం పట్టుకుని వార్డుకు వెళ్లింది. సంగతి ఆమెకంటే ముందే అక్కడికి చేరింది.

"నింపెయ్యమ్మా," అన్నాడు తాళాల తాత. "ఆ నలభై నిమిషాలూ నేను కదిలితే ఒట్టు. కావాలంటే మంచానికి కట్టెయ్యమను."

ఇరవై రెండు మంచాలవాళ్లూ నలభై నిమిషాలపాటు పడబోమని మాటిచ్చారు. పన్నెండో మంచం ఆయన ఆ టైములో తుమ్మనని కూడా అన్నాడు. ఆయమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ సీటు ఆమెకు కావాలి. జీవితంలో ఇంకేదీ అంతగా కావాలనుకోలేదు.

"రాసెయ్యమ్మా. ఉత్త కాగితమే కదా," అంది కూతురు.

"ఉత్త కాగితమైతే ఇన్నాళ్లూ దానికోసం ఎందుకు తిరిగామే? చూసింది చూసినట్టు రాద్దామనే కదా నా ఏడుపంతా. మొదటి గడిలోనే అబద్ధం రాసి లోపలికెళ్తే, ఇంక నేను రాసేది ఎవరు నమ్మాలి?"

కిటికీ గట్టుమీద కాగితం పెట్టి, 'పట్టుకొనను' అన్న మాటను కొట్టేసింది. అడ్డంగా ఒక్క గీత, రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నగా. కూతురు కలం అందుకుంది. సంరక్షకుల స్థానంలో సంతకం పెట్టింది.

మండలి నుంచి జవాబు ఎన్నడూ లేనంత వేగంగా, మూడో రోజుకే వచ్చింది. పైన ముద్ర, కింద ముద్ర, మధ్యలో రెండే రెండు వాక్యాలు ఉన్నాయి. 'దరఖాస్తుదారు నర్సింగు వృత్తికి అనర్హురాలని తెలియజేయుటకు చింతిస్తున్నాము. కారణం: పడిపోతున్న రోగులను పట్టుకొను అలవాటు ఉన్నట్లు దరఖాస్తుదారు స్వయంగా అంగీకరించి ఉన్నారు.'